జమ్లీ అవ్వ బండ పక్కన పాచి

ముప్ఫై ఏళ్ళుగా నేను పాచి చదువుతున్నాను. ఈ మాట నాది కాదు. మా ఆవిడ సుగుణ అంటుంది, పక్కింటివాళ్ళు అంటారు, కాలేజీలో గుమాస్తా కూడా నా వెనక అంటాడు. నేను మాత్రం ప్రతిసారీ ముక్కు ఎగరేసి, “పాచి కాదు, రిక్సియా. రిక్సియేసీ కుటుంబం” అని సరిదిద్దుతాను. వాళ్ళు శ్రద్ధగా విని, తల ఊపి, “గదే, పాచి” అంటారు.

నా పేరు సోమనర్సయ్య. మాది జనగామ దగ్గర నర్మెట్ట. మహబూబాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్ళుంది. నాతో చదివినవాళ్ళలో ఒకడు పత్తి మీద పరిశోధన చేశాడు, ఇంకొకడు మిరప మీద చేశాడు. ఇవాళ రైతులు వాళ్ళకు ఫోన్లు చేసి మరీ సలహాలు అడుగుతారు. నన్ను సలహా అడిగినవాడు ఇంతవరకు ఒక్కడే. బాత్రూంలో కాలు జారకుండా ఉండాలంటే ఏం చల్లాలి సార్ అని అడిగాడు.

ఆ మొక్క ఎలా ఉంటుందో చెబుతాను. మీరు చూసే ఉంటారు, తొక్కే ఉంటారు. వానాకాలం చివర పొలం గట్టు మీద, తడి గోడ మొదట్లో, రూపాయి బిళ్ళంత ఆకుపచ్చ చక్రం ఒకటి నేలకు కరుచుకుని ఉంటుంది. దానికి వేరు లేదు, కాండం లేదు, ఆకు లేదు, పువ్వు లేదు. రెండేసిగా చీలుతూ పోయే పలుచని పొర, దాన్ని మేము థాలస్ అంటాం. కింద నూలు పోగుల్లాంటి మూలతంతువులు ఉంటాయి. దాని చుట్టాల్లో కొన్నింటి ఆకారం కాలేయంలా ఉందని పూర్వం ఎవరో అనుకోబట్టి ఈ గుంపు మొత్తానికి లివర్‌వర్ట్ అని పేరు పడింది. ఏటా క్లాసులో ఎవరో ఒకరు లేచి “సార్, గిది తింటే లివర్ మంచిగైతదా?” అని అడుగుతారు. ఒకసారి సుగుణ ఎవరి దగ్గరో ఈ ముక్క చెప్పింది. వారం తిరక్కుండా కామెర్లకు మందు కోసం ఇద్దరు మా ఇంటికొచ్చారు. దవాఖానకు పొమ్మని పంపితే, మందు తెలిసీ చెప్పడనే పేరు మిగిలింది.

రిక్సియా ప్రజాతిలో రెండు వందలకు పైగా జాతులున్నాయి. పైకి చూస్తే అన్నీ ఒకటే. తేడా తెలియాలంటే సిద్ధబీజాలు చూడాలి, అంటే దాని విత్తుల్లాంటివి. అవి థాలస్ లోపలే, దాని ఒంట్లోనే చిన్న సంచిలో పెరుగుతాయి. ఆ సంచికి కాడ ఉండదు, పైకి లేచి పగలడమూ ఉండదు. తల్లి మొక్క కుళ్ళిపోయి మట్టిలో కలిస్తేనే అవి బయటపడతాయి. పండిన బీజం ముదురు గోధుమ రంగులో ఉంటుంది, మైక్రోస్కోపు కింద దాని మీద తేనెపట్టు గదుల్లాంటి గీతలు కనిపిస్తాయి. ఆ గదుల లెక్కను బట్టి జాతిని పోలుస్తాం. పండని బీజాన్ని చూసి జాతి చెప్పకూడదు. ఇది నేను ఏటా రెండో సంవత్సరం పిల్లలకు చెబుతాను, పరీక్షలో అడుగుతాను, రాయనివాళ్ళకు మార్కులు కోస్తాను.

ఇంతకీ నేను చెప్పబోయింది నా గురించి కాదు, జమ్లీ అవ్వ గురించి. మధ్యలో నేను ఇంత చోటు ఆక్రమించడం నా రోగం.

జమ్లీ అవ్వది గూడూరు మండలంలో అడవి అంచున ఒక తండా. వయసు డెబ్బై ఉంటుంది. ఆమెను అడిగితే “ఎవలు రాసిండ్రు?” అంటుంది. భూపాలపల్లి దిక్కున ఉన్న తన తల్లిగారి తండా నుంచి పదిహేనేళ్ళకు లగ్గమై ఇక్కడికి వచ్చింది. మొగుడు ఎప్పుడో పోయాడు. ఇప్పపువ్వు ఏరింది, ఖమ్మం దిక్కు మిరప కోతలకు పోయింది, రెండెకరాల పోడు చేసింది. కొడుకూ కోడలూ హైదరాబాదులో కట్టడాల పనికి పోతే మనవరాలు అనితను తనే పెంచింది. ఈ సంగతంతా మొదలైనప్పుడు ఆ అనిత మా కాలేజీలో రెండో సంవత్సరం. క్లాసులో రిక్సియా గురించి మెలకువగా విన్నది ఆ పిల్ల ఒక్కతే.

పన్నెండేళ్ళ కింద జమ్లీ అవ్వ తల్లిగారి తండా బొగ్గు గనికి పోయింది. ఇళ్ళు పోయాయి, వాగు పోయింది, మనుషులు తలో దిక్కు అయ్యారు. తమ్ముడు మంగ్యా మాత్రం ఆ చుట్టుపక్కలే ఉండిపోయాడు. అప్పటి నుంచి అవ్వకు ఒక పట్టుదల మొదలైంది. శ్రావణంలో తీజ్ పండుగకు పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి నింపి గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్ళు పోసి, మొలకలు పెంచి, చివరి రోజు వాగులో కలుపుతారు. ఆ మట్టి ఎవరి తండాలో వాళ్ళు తెచ్చుకుంటారు. జమ్లీ అవ్వ మాత్రం, తను బతికున్నన్నాళ్ళు ప్రతి బుట్టలో తన తల్లిగారి మట్టి ఒక్కో దోసెడు పడాలన్నది. పెద్ద మనిషి మాట కాబట్టి తండా ఒప్పుకుంది. ఏటా తీజ్‌కు ముందు మంగ్యా బస్సులో ఒక సంచి మట్టి తెచ్చి ఇచ్చేవాడు. బుట్టలు నింపగా మిగిలిన మట్టిని అవ్వ పారబోయదు. ఇంటి పక్కన స్నానాల బండ ఉంది, దాని అంచు వెంట మెత్తుతుంది. తల్లిగారి మట్టి ఎవరి కాళ్ళ కిందా పడొద్దని.

ఇదంతా నాకు మొదటి రోజే తెలిసి ఉండాల్సింది. ఎందుకంటే మొదటి రోజే ఆమె చెప్పింది.

రెండేళ్ళ కింద సెప్టెంబరు చివర్లో అనిత ప్రాజెక్టు పనికని వాళ్ళ తండాకు వెళ్ళాను. బండ అంచున ఆకుపచ్చ చక్రాలు చూశాను. అంచులకు ఊదారంగు. ప్యాంటు బురద అవుతుందన్న ధ్యాస లేకుండా మోకాళ్ళ మీద కూలబడి, భూతద్దం కంటికి పెట్టుకున్నాను. అవ్వ చెంబుతో నీళ్ళు పట్టుకుని నా వెనక నిలబడింది.

“సారూ, గా మట్టి ఈడిది గాదు. మా తల్లిగారి తండది” అన్నది.

“హా అవ్వా, హా” అన్నాను. నేను థాలస్ అడుగున పొలుసులు లెక్కపెడుతున్నాను.

కత్తి తీసి గీకడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, పది. మంచి శాస్త్రవేత్త సగం వదిలేసి వస్తాడు. నేను కోతికి కొబ్బరికాయ దొరికినట్టు మొత్తం గీకి డబ్బాలో వేశాను.

“గంత మొత్తం తీస్కపోతవా? ఇంక లేతగున్నది, మొన్ననే మొలిసింది” అన్నది అవ్వ.

“పాచే కదవ్వా, మళ్ళీ వస్తది” అన్నాను.

నా నోటితో నేనే ఆ మాట అన్నాను. అనిత నా వైపు చూసింది. పెద్దవాళ్ళంటే మర్యాద ఉన్న పిల్ల కాబట్టి డబ్బాకు మూత పెట్టి ఇచ్చింది.

కాలేజీలో మైక్రోస్కోపు కింద పెట్టాను. సిద్ధబీజాలు నున్నగా ఉన్నాయి. తేనెపట్టు గదులు లేవు. నాలుగేసి ఒకదానికొకటి అతుక్కుని, పాలిపోయి ఉన్నాయి. పండిన సంచులైతే థాలస్ మీద నల్ల చుక్కల్లా కంటికే కనిపించాలి. అవీ లేవు. చదువుకున్న ఏ పిల్లకాయైనా “సార్, ఇవి పండలేదు” అనేవాడు. నేను నా నోటుబుక్కులో “సిద్ధబీజాలు నునుపు! నల్ల చుక్కలు లేవు! ఇంతవరకు వర్ణించని లక్షణం!” అని రాసుకున్నాను. ఆశ్చర్యార్థకాలు మూడూ అసలువే, కావాలంటే బుక్కు చూపిస్తాను.

కొత్త జాతి. ముప్ఫై ఏళ్ళ తర్వాత, రిటైర్మెంటు గుమ్మంలో, నాకొక కొత్త జాతి దొరికింది. ఇక పేరు సంగతి. మన మొక్కకు మన పేరు మనమే పెట్టుకోకూడదు, మా లోకంలో అది మర్యాద కాదు. వేరేవాళ్ళు పెట్టాలి. అందుకని వ్యాసంలో అనితను కూడా రచయితగా చేర్చాను. విశాల హృదయంతో కాదు. ఆ పిల్ల చేత నా పేరు పెట్టించాలని.

“పేరు నువ్వే ఆలోచించమ్మా, ఎవరైనా ఈ రంగంలో చాలాకాలం కృషి చేసినవాళ్ళ పేరు పెడితే బాగుంటుంది” అన్నాను.

“మా దాదీ పేరు పెడ్దాం సార్. గామె బండ కాడనే గద దొరికింది” అన్నది అనిత.

“అది చూద్దాంలే, ముందు శాస్త్రం” అని మాట మార్చాను. ఆ రాత్రి కాగితం మీద ‘రిక్సియా సోమనర్సయ్యై’ అని లాటిన్ పద్ధతిలో రాసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూసుకున్నాను. సుగుణ నా భుజం మీదుగా చదివింది.

“ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే గిదే” అని లైటు ఆర్పేసింది.

డిసెంబరులో హన్మకొండలో ఒక సదస్సు జరిగింది. అక్కడ ప్రకటించాను. హాల్లో పదకొండు మంది ఉన్నారు, వాళ్ళలో ఇద్దరు భోజనం టోకెన్ల కోసం కూర్చున్నవాళ్ళు. పద్దెనిమిదో స్లైడులో పటం చూపించాను. గూడూరు మండలం మీద ఎర్రచుక్క పెట్టి, ‘ప్రపంచంలో ఏకైక ఆవాసం’ అని రాశాను. చప్పట్లు కొట్టారు. లక్నో నుంచి వచ్చిన ఒక పెద్దాయన టీ దగ్గర నన్ను పక్కకు పిలిచి, మెల్లగా అడిగాడు: “బీజాలు పండినవేనా?”

“వంద శాతం” అన్నాను.

ఆయన నా మొహంలోకి కాసేపు చూసి, పండినవి కొన్ని పంపండి, సంతోషంగా చూస్తాను అన్నాడు. పంపడానికి ఏముంది? ఉన్నదంతా గీకి తెచ్చాను కదా. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, జనవరి నుంచి ప్రతి ఆదివారం గూడూరు బస్సెక్కి తండాకు పోయి, ఆ బండ పక్కన గొంతుక్కూర్చునేవాణ్ణి. మట్టి బోడిగా ఉంది. నీళ్ళు చల్లేవాణ్ణి, గడియారం చూసుకునేవాణ్ణి, మళ్ళీ చల్లేవాణ్ణి. ఆడవాళ్ళు స్నానాలకు బండ ఖాళీ లేక పరేషాన్ అయ్యారు. మగవాళ్ళేమో నేను పోడు భూముల సర్వే కోసం వచ్చాననుకున్నారు. నాలుగో ఆదివారం ఒకాయన పట్టా దరఖాస్తు జిరాక్సులు నా చేతిలో పెట్టి, “సారు, మాది గూడ రాసుకోర్రి” అన్నాడు. నేను పాచి కోసం వచ్చానంటే నమ్మలేదు. ప్రభుత్వం జీతమిచ్చి ఒక మనిషిని పాచి కోసం పంపుతుందని ఎవరు నమ్ముతారు?

జమ్లీ అవ్వ మాత్రం నాకు టీ ఇచ్చేది. “సారుకు ఏదో పోయింది, ఎతుకుతుండు” అని అందరికీ చెప్పేది.

ఎండాకాలం గడిచింది. శ్రావణంలో అనిత తీజ్‌కు పిలిస్తే వెళ్ళాను. అప్పటికి నా వ్యాసం దాదాపు పూర్తయింది, పండిన బీజాల పేరా ఒక్కటే ఖాళీగా ఉంది. ఇంటి ముందు పిల్లలు బుట్టలు వరసగా పెట్టారు. అవ్వ ఒక ప్లాస్టిక్ సంచి మూతి విప్పి, దోసెడు దోసెడు మట్టి తీసి బుట్టల్లో వేస్తోంది.

“ఎక్కడిదవ్వా ఆ మట్టి?” అని మాటవరసకు అడిగాను.

“మళ్ల అడుగుతవేంది సారూ? నిరుడు చెప్పిన గద. మా తల్లిగారి తండది. ఏటేటా మంగ్యా తెస్తడు. మిగిలింది గా బండకు మెత్తుత.”

నేను తిరిగి బండ వైపు చూశాను. బండ అంచున మెత్తిన మట్టి ఇక్కడిది కాదు. ఆ మట్టితో వచ్చిన మొక్క ఇక్కడిది కాదు. పద్దెనిమిదో స్లైడులో నేను పెట్టిన ఎర్రచుక్క వంద కిలోమీటర్లు తప్పు. పదకొండు మంది ముందు, నాకు చిరునామా కూడా తెలియని మొక్కకు నా పేరు పెట్టుకోబోయాను. ఆమె చెప్పినప్పుడు నేను విని ఉంటే చాలు, అంతకు మించి ఏ పరికరమూ అక్కర్లేకపోయింది.

అయినా బుద్ధి రాలేదు. ఇంటికొచ్చేసరికి సర్దిచెప్పుకున్నాను. మంచిదే అయింది, భూపాలపల్లి గని పక్కన మిగిలిన ఆఖరి రిక్సియా అంటే ఇంకా పెద్ద వార్త కదా! తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నాడట మాలాంటి ఒకడు. వరి కోతలయ్యాక, పండిన బీజాలు దొరికే కాలం చూసుకుని డిసెంబరులో బయల్దేరాను. అవ్వను కూడా రమ్మన్నాను.

“గా బొంద నేను సూడ. నువ్వే పోయిరా. సూసినంక ఉన్నదున్నట్టు చెప్పు” అన్నది.

అనితకు పరీక్షలు. ఒక్కణ్ణే పోయాను.

మంగ్యా భూపాలపల్లి బస్టాండులో నా కోసం నిలబడి ఉన్నాడు. అరవై ఐదేళ్ళ మనిషి, బక్కగా, చెవి మీద సగం తాగిన బీడీ. ఆటోలో గని దాకా తీసుకుపోయాడు. కంచె, కంచె అవతల తవ్విపోసిన మట్టిగుట్ట, దాని మీద పాకే లారీలు. తండా ఎక్కడుండేదో వేలు పెట్టి చూపించాడు. అక్కడ గుట్ట ఉంది.

“మట్టి ఎక్కడ తవ్వుతావు మంగ్యా?” అని అడిగాను.

అతను బీడీ తీసి చేతిలో పట్టుకున్నాడు, వెలిగించలేదు.

“సార్, అక్కకు చెప్పనంటె చెప్త.”

చెప్పనన్నాను. ఆ క్షణంలో ఏదైనా అనేవాణ్ణి.

“వాగు పక్కన జరంత జాగ మిగిలి ఉండె. ఆడ తవ్వెటోన్ని. మూడేండ్ల సంది గది గూడ లేదు సార్. గుట్ట మీద పడ్డది. అక్కకు ఏమని చెప్పాలె? వట్టి చేతులతోని ఎట్ల పోవాలె? మొగుళ్లపల్లిల నేను జీతముండే ఆసామి పొలం ఉన్నది. గా గట్టు మీద తవ్వి సంచి కట్టిన.”

ఇద్దరం మొగుళ్లపల్లి బస్సెక్కాం. దారంతా నేను ఒక్కటే ప్రార్థించాను: ఆ గట్టు మీద నా మొక్క ఉండకూడదు. అక్కడ లేకపోతేనే అది పాత సంచుల్లో వచ్చిందని, అవ్వ తల్లిగారి తండాదేనని, కొత్త జాతేనని అనుకోవచ్చు. నా కోసమూ, ఆమె కోసమూ అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఎక్కువ భాగం నా కోసమే.

గట్టు మీద అది ఒకటీ రెండూ కాదు, చాప పరిచినట్టు ఉంది. ఎండిన అంచులు ముడుచుకుని, లోపల నల్ల చుక్కలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. పండిన బీజాలు. కాలేజీకి తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టాను. బీజం మీద తేనెపట్టు గదులు పుస్తకంలో బొమ్మలా ఉన్నాయి. దేశమంతా పొలం గట్ల మీద పెరిగే, వందేళ్ళ కిందే పేరు పెట్టిన జాతి. అనుమానం తీరక బీరువాలో ఎండబెట్టిన మొక్కలు అతికించిన పాత షీట్లు తీశాను. ఎమ్మెస్సీలో నేను సేకరించిన మొట్టమొదటి మొక్క, నర్మెట్టలో మా నాయిన పొలం గట్టు మీదిది, అదే. కింద నా దస్తూరీతో సరైన పేరు కూడా రాసి ఉంది. ఇరవై రెండేళ్ళప్పుడు గుర్తుపట్టిన మొక్కను యాభై ఆరేళ్ళకు గుర్తుపట్టలేకపోయాను. ఈ మధ్యలో నేను సంపాదించింది డాక్టరేటు.

లక్నో పెద్దాయనకు ఉత్తరం రాశాను. రెండు వాక్యాల జవాబు వచ్చింది. “తెలియజేసినందుకు కృతజ్ఞతలు. పండకముందే పేరు పెట్టినవాళ్ళలో మీరు మొదటివారు కారు.” సుగుణకు చదివి వినిపించాను. నవ్వుతుందనుకున్నాను. “పోనీయండి, టీ తాగుతారా?” అన్నది. అది ఇంకా నొప్పించింది.

ఇక జమ్లీ అవ్వకు చెప్పాలి. జనవరిలో తండాకు పోయాను. బండ అంచున చక్రాలు మళ్ళీ మొలిచి, నల్ల చుక్కలతో పండి ఉన్నాయి. ఒకటి తీసి భూతద్దంతో చూశాను. అదే. అనిత మంచం వాల్చింది. అవ్వ నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

“గా పాచి కత ఏమాయె సారూ?”

“కొత్తది కాదవ్వా. అన్ని తాన్ల ఉండేదే.”

“మా తండ కాడ దొరికిందా?”

బస్సులో రెండు గంటలు సాధన చేశాను. దొరికింది అని ఒక్క మాట అంటే సరిపోతుంది. నోరు తెరిచాను. ముప్ఫై ఏళ్ళుగా మొక్క పక్కన అది దొరికిన చోటు తప్ప వేరే ఏమీ రాయని మనిషికి, అబద్ధం చెప్పడం కూడా సాధన లేక రాదు.

“దొరికింది, అంటే, ఆ దిక్కే. మొగుళ్లపల్లిలో” అన్నాను.

మంగ్యా జీతముండే ఊరు ఆమెకు తెలియదా? ఆమె కళ్ళు నా మొహం మీదే ఆగిపోయాయి.

“మంగ్యా ఆడి మట్టి తెచ్చిండా?”

నేను భూతద్దం తుడవడం మొదలుపెట్టాను.

“ఎన్నేండ్ల సంది?”

“మూడు” అన్నాను. మంగ్యాకు ఇచ్చిన మాట అక్కడికి పోయింది.

అవ్వ లేచి ఇంట్లోకి పోయింది. తమ భాషలో గట్టిగా ఏవో మాటలు వినిపించాయి. అనిత వాటిని నాకు చెప్పలేదు. తర్వాత ఏడుపు వినిపించింది. నేను మంచం మీద తలవంచుకుని కూర్చున్నాను. ఇంత సిగ్గు హన్మకొండలో కూడా పడలేదు. నా ఎర్రచుక్క తప్పయితే స్లైడు మార్చుకుంటాను. ఆమె మూడేళ్ళు పిల్లల బుట్టల్లో వేసిన మట్టిని ఎవరు మారుస్తారు?

చాలాసేపటికి అవ్వ బయటికి వచ్చి అనిత ఫోను అడిగింది. మంగ్యాతో మాట్లాడింది. మాట్లాడిందంటే తిట్టింది. అతనికి నోరు తెరిచే సందు ఇవ్వలేదు. చివరలో గొంతు తగ్గించి ఇంకేదో అని ఫోను ఇచ్చేసింది.

“మట్టి లేకున్నా తీజ్‌కు రమ్మన్నది సార్” అని అనిత మెల్లగా చెప్పింది.

అవ్వ వచ్చి బండ మీద కూర్చుంది. అంచున ఉన్న చక్రాలను కాసేపు చూసింది.

“గిది అన్ని తాన్ల ఉంటదంటివి గద సారూ?”

“ఉంటదవ్వా. పొలం గట్టు, తడి ఉంటే చాలు.”

“మరి మా తండల గూడ ఉండెనా?”

“ఉండే ఉంటది. నేనైతే చూడలే.”

“నేను చూసిన” అన్నది. “వాగు ఒడ్డు మీద గట్టు ఉండె. నాట్లు అయినంక గిది మొలుస్తుండె. చెప్పుల్లేని కాళ్ళకు సల్లగ తగులుతుండె. ఎండలు ముదిరితె అంచులు లోపటికి ముడుసుకొని నల్లగైతుండె. సచ్చిపోయిందనుకుంటిమి. చెంబెడు నీళ్ళు పోస్తె మళ్ల విచ్చుకుంటుండె. నేనూ మంగ్యా గదే ఆట ఆడుకునేది.”

నేను తల ఎత్తి చూశాను. బండ పక్కన మట్టి ఎప్పుడూ తడే. అక్కడ ఆ మొక్క ముడుచుకోదు, విచ్చుకోదు. నేను ఆమెకు ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. మా పుస్తకాల్లో ఇది ఒక పేరా ఉంటుంది. ఆమె చూసింది. అరవై ఏళ్ళ కింద, ఆ గట్టు మీద, ఈ కుటుంబపు మొక్కనే చూసింది, నాకంటే బాగా చూసింది.

సంచీలోంచి ఒక లేబుల్ తీశాను. ఎండబెట్టిన మొక్కల షీట్ల మీద అతికించేది, చేతిలో సగం పట్టేంత కాగితం. మొక్క లేకుండా లేబుల్ రాయకూడదు, మా శాస్త్రం ఒప్పుకోదు. రాశాను. కుటుంబం: రిక్సియేసీ. మొక్క: లేదు. చూసినవారు: జమ్లీ. తేదీ దగ్గర ఆగి ఎప్పుడు చూశావని అడిగితే, “నా లగ్గం కంటె ముందు” అన్నది. అదే రాశాను. చోటు: భూపాలపల్లి దగ్గర, గనిలో పోయిన తండా. రాసింది పైకి చదివాను.

“పోయిన తండా ఏంది సారూ?” అన్నది అవ్వ. “దానికి పేరు లేదా?”

నేను ఆమె మట్టి గీకాను, ఆమె చేతి టీ తాగాను, ఆ గుట్ట దాకా పోయి చూసి వచ్చాను. అదంతా కలిపి ఏడాదిన్నర. ఒక్కసారి కూడా అడగలేదు.

“ఏం పేరవ్వా?”

ఆమె చెప్పింది. నేను సరిగ్గా రాసుకోవాలని ఒక్కో అక్షరం ఆపి ఆపి చెప్పింది. ముందు రాసింది కొట్టేసి రాశాను: గోప్యా తండా. అవ్వ ఆ కాగితం అనిత చేతికిచ్చి రెండుసార్లు చదివించుకుంది.